గాలి ముందు, గ్యాసు తర్వాత

పాత లారీ టర్బోతో ఇంట్లోనే జెట్ ఇంజన్ కట్టే పాఠకుల ఉత్తరాలు ఈసారి చాలావరకు ఒకే మెలిక దగ్గర ఆగాయి. ఇంజన్‌ని లేపడానికి మొదట ఎంత గాలి కొట్టాలి? అందుకే ఈ నెల శీర్షిక మొత్తం ఆ ఒక్క విషయానికే ఇస్తున్నాం.

ప్రశ్న: లారీ టర్బో ఒకటి తెచ్చి, గ్యాసు మండే ఫ్లేమ్ ట్యూబు వెల్డింగ్ చేయించాను. గాలి లాగే వైపు చక్రం మూతి 54 మి.మీ. ఉంది. ఈ టర్బో సెకనుకు 0.3 కిలోల గాలి తోస్తుందని పట్టికలో చూశాను. అంటే నిమిషానికి దాదాపు 16 ఘనపు మీటర్లు. నా దగ్గరున్న కరెంటు బ్లోయరు పెట్టె మీద 2.8 ఘనపు మీటర్లని రాసి ఉంది. స్టార్టింగ్‌కి అసలు ఎంత కావాలి? లెక్క ఎలా వేయాలి?
– పాలిటెక్నిక్ విద్యార్థి, మండపేట

జవాబు: ఆ 0.3 కిలోలు టర్బో పూర్తి వేగంలో ఉన్నప్పటి మాట. స్టార్టింగ్‌కి అంత అక్కర్లేదు. అలాగని పెట్టె మీది 2.8ని నమ్ముకున్నా పని జరగదు. అది బ్లోయరు మూతికి ఏ అడ్డూ లేనప్పుడు కొలిచిన అంకె. టర్బోకి బిగించాక ఎదురు ఒత్తిడి వస్తుంది, గాలి తగ్గుతుంది. కాబట్టి 'ఇంత గాలిని ఇంత ఒత్తిడితో' అని రెండూ కలిపి అడగాలి.

ముందు ఒత్తిడి సంగతి చూద్దాం. టర్బోలో ఒకే షాఫ్టు మీద రెండు చక్రాలుంటాయి: గాలిని నొక్కే కంప్రెసర్, వేడి వాయువు తిప్పే టర్బైన్. జెట్ ఇంజన్ తనంతట తాను తిరగాలంటే టర్బైన్ సంపాదించే శక్తి, కంప్రెసర్ తినే శక్తికి సరిపోవాలి. వేగం తక్కువగా ఉన్నప్పుడు రెండు చక్రాల దక్షతా తక్కువే, అందుకే లోటు వస్తుంది. అంకెల్లో పెట్టి చూడండి. బయటి గాలి 32 డిగ్రీలు, అంటే 305 కెల్విన్. కంప్రెసర్ దాన్ని బయటి ఒత్తిడికి 1.1 రెట్లు నొక్కుతోంది, అప్పుడు దాని దక్షత 55 శాతం అనుకుందాం. గాలి 15.3 డిగ్రీలు వేడెక్కుతుంది. ఇందుకు కిలో గాలికి 15.4 కిలోజౌళ్లు ఖర్చు. ఫ్లేమ్ ట్యూబు రంధ్రాల్లో కొంత ఒత్తిడి పోయి టర్బైన్ ముందు 1.07 రెట్లు మిగిలిందనుకుందాం. అక్కడ వాయువు 900 కెల్విన్, అంటే 627 డిగ్రీలు. టర్బైన్ దక్షత 60 శాతం. అప్పుడు కిలోకు వచ్చేది 10.3 కిలోజౌళ్లే. అయిదు కిలోజౌళ్లు తక్కువ పడ్డాయి. ఈ స్థితిలో బ్లోయరు తీసేస్తే ఎంత గ్యాసు ఇచ్చినా చక్రం నెమ్మదిస్తుంది.

1.3 రెట్ల దగ్గర కథ మారుతుంది. దక్షతలు రెండూ 68 శాతానికి వస్తే, ఫ్లేమ్ ట్యూబులో పోయే ఒత్తిడి పోగా, కంప్రెసర్ ఖర్చు 35.2 కిలోజౌళ్లు, టర్బైన్ రాబడి 36.5. అక్కడి నుంచి ఇంజన్ తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. ఈ రెండు స్థితుల మధ్య దారంతా బ్లోయరే చెయ్యిపట్టి నడిపించాలి.

బ్లోయరు చేసే మేలు చక్రాన్ని తోయడం ఒక్కటే అనుకుంటారు చాలామంది. అంతకన్నా పెద్ద మేలు ఇంకొకటుంది. కంప్రెసర్ ముందు మీరిచ్చే ఒత్తిడి కంప్రెసర్‌నీ ఫ్లేమ్ ట్యూబునీ దాటి టర్బైన్ దాకా వెళుతుంది. అక్కడ అది మూడింతలు వ్యాకోచించిన వేడి వాయువు మీద పని చేస్తుంది. పై లెక్కలో లోటు పూడాలంటే టర్బైన్ ముందు 1.07 బదులు 1.107 ఉండాలి. అంటే బ్లోయరు ఇవ్వాల్సింది దాదాపు 3.5 కిలోపాస్కల్‌లు, నీటిమట్టంలో 35 సెంటీమీటర్లు. ఇది సరిగ్గా చెల్లుకు చెల్లు. చక్రం వేగం పుంజుకోవాలంటే ఇంకా కొంత కావాలి. అందుకే కనీసం 40, వీలైతే 50 సెంటీమీటర్లు పెట్టుకోండి.

ఇక గాలి ఎంతో చూద్దాం. దాన్ని తేల్చేది కంప్రెసర్ మూతి కాదు, టర్బైన్ హౌసింగ్ గొంతు. నత్తగుల్ల ఆకారంలో తిరిగే ఆ దారిలో నాలుక దగ్గర అన్నిటికన్నా ఇరుకైన చోటు అది. పిల్లలు ఆడుకునే మైనపు మట్టిని అక్కడ కూరి అచ్చు తీయండి. ఇరుకైన చోట బ్లేడుతో కోసి, ఆ కోత ముఖాన్ని గ్రాఫ్ కాగితం మీద పెట్టి పెన్సిలుతో గీయండి. గడులు లెక్కపెడితే వైశాల్యం వస్తుంది. లారీ టర్బోల్లో తరచు హౌసింగ్ లోపల అడ్డుగోడ ఉండి రెండు దారులుంటాయి. అప్పుడు రెండిటి వైశాల్యమూ కలపాలి. ఇక్కడే చాలామంది ఒక దారిని మరిచిపోయి సగం గాలితో లెక్క కట్టేస్తారు.

మీ గొంతు 10 చదరపు సెంటీమీటర్లనుకుందాం. 900 కెల్విన్ దగ్గర వాయువు సాంద్రత ఘనపు మీటరుకు 0.43 కిలోలు. ఒత్తిడి తేడా 10,700 పాస్కల్‌లు. ఒత్తిడి తేడాని రెండుతో గుణించి, సాంద్రతతో భాగించి, వర్గమూలం తీస్తే వేగం వస్తుంది, ఇక్కడ సెకనుకు 223 మీటర్లు. ఇప్పుడు 0.001 × 0.9 × 0.43 × 223 చేస్తే సెకనుకు 0.086 కిలోలు. ఇందులో 0.9 అన్నది గొంతు దగ్గర ప్రవాహం కుంచించుకుపోయాక మిగిలే భాగం. తిరిగే చక్రం కూడా కొంత ఎదురుతన్నుతుంది కాబట్టి 0.08 అనుకోండి. మన తీరపు గాలి ఘనపు మీటరు 1.14 కిలోలు తూగుతుంది. ఆ లెక్కన మీకు కావలసింది నిమిషానికి 4.2 ఘనపు మీటర్లు, 40 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దగ్గర.

మీ బ్లోయరు అడ్డేమీ లేకుండానే 2.8 ఇస్తోంది. అది చాలదు. అలాంటివి రెండు పక్కపక్కన కలిపితే 5.6 అవుతుంది కదా అనిపిస్తుంది. కానీ 4.2 ఘనపు మీటర్లు లాగేటప్పుడు ఒక్కొక్కటీ తన పూర్తి గాలిలో ముప్పాతిక వంతు ఇస్తూ ఉంటుంది. అంత గాలి దగ్గర ఇలాంటి చిన్న బ్లోయర్లలో పూర్తి ఒత్తిడిలో సుమారు పావు వంతే మిగులుతుంది. ఇంకా తక్కువ గాలితో కూడా ఒక్కోసారి ఇంజన్ లేస్తుంది, నిజమే. అయితే టర్బైన్ ఎర్రగా కాలుతూ నిమిషాల తరబడి పాకుతూ లేస్తుంది. ఆ నిమిషాలు చక్రం ఆయుష్షును తినేస్తాయి.

ఏ బ్లోయరు కొన్నా కొనే ముందే పరీక్షించవచ్చు. 110 మి.మీ. పీవీసీ పైపు మీటరున్నర ముక్క తీసుకోండి. చివర మూత బిగించి, మూత నడిమధ్య 42 మి.మీ. రంధ్రం కోయండి. అంచు వాడిగా ఉండాలి. మూతకి ఓ జానెడు ఇవతల పైపు గోడకి చిన్న బెజ్జం పెట్టి, తాపీమేస్త్రి లెవల్ చూసే ప్లాస్టిక్ ట్యూబు బిగించండి. ట్యూబుని 'యు' ఆకారంలో వంచి చెక్కకి కట్టి సగం దాకా నీళ్లు పోయండి. బెజ్జం లోపలి అంచుని గీకి నునుపు చేయడం మరవొద్దు, ముళ్లులా లేచిన పీవీసీ ఉంటే రీడింగ్ తప్పు చూపిస్తుంది. పైపు రెండో కొనకి బ్లోయరు పెట్టి నడపండి. రెండు నీటి మట్టాల మధ్య తేడా 40 సెంటీమీటర్లు దాటితే ఆ బ్లోయరు నిమిషానికి 4.2 ఘనపు మీటర్ల గాలిని కావలసిన ఒత్తిడితో ఇస్తోందన్నమాట. పది, పదిహేను దగ్గరే ఆగిపోతే ఎంత మోత చేసినా మీ ఇంజన్‌కి పనికిరాదు.

గొంతు వైశాల్యం మారితే గాలి అదే నిష్పత్తిలో మారుతుంది. కారు టర్బోలో గొంతు 4 చదరపు సెంటీమీటర్లుంటే నిమిషానికి 1.7 ఘనపు మీటర్లు చాలు, పరీక్ష మూత రంధ్రం 27 మి.మీ. కోసుకోవాలి.

ప్రశ్న: రొయ్య పిల్లల నర్సరీ ట్యాంకులకు గాలి కొట్టే 3 హెచ్‌పీ రింగ్ బ్లోయరు మా దగ్గరుంది. మా అబ్బాయి జెట్ ఇంజన్‌కి అది వాడొచ్చా? లేదంటే పంక్చర్ షాపు కంప్రెసర్ చాలంటున్నారు, అది మేలా?
– రొయ్యల రైతు, భీమవరం

జవాబు: రింగ్ బ్లోయరు చక్కగా పనికొస్తుంది. మీటరు లోతు నీళ్ల అడుగుకి గాలి తోయాలంటేనే 100 సెంటీమీటర్ల ఒత్తిడి కావాలి, ఆ బ్లోయరు రోజంతా చేసేది అదే పని. ఒత్తిడికి లోటుండదు. చూడాల్సింది గాలి పరిమాణం. దాని ప్లేటు మీద గంటకు ఎన్ని ఘనపు మీటర్లో రాసి ఉంటుంది, 60తో భాగించుకోండి. 250 బాగా దాటితే 10 చదరపు సెంటీమీటర్ల గొంతుకి సరిపోతుంది, పై నీటి ట్యూబు పరీక్షతో ఖాయం చేసుకోండి. మూతి పూర్తిగా మూసేసి నడపొద్దు, లోపల గాలి మరిగి మోటారు కాలుతుంది. పక్కకో వాల్వు పెట్టి, అక్కర్లేని గాలిని అందులోంచి వదిలేయండి. ఇంజన్ వేగం పుంజుకుంటున్నకొద్దీ ఆ వాల్వు మూస్తూ పోతే గాలి మీ చేతిలో ఉంటుంది. చెరువు నడుస్తున్న రోజుల్లో మాత్రం దాన్ని ట్యాంకుల దగ్గర నుంచి కదపొద్దు.

పంక్చర్ షాపు కంప్రెసర్ లెక్క వేరు. దానికి ఒత్తిడి ఎక్కువ, గాలి తక్కువ. 200 లీటర్ల ట్యాంకులో 8 బార్ నిండితే బయటికొచ్చే గాలి 1.6 ఘనపు మీటర్లు. నిమిషానికి 4.2 చొప్పున 23 సెకన్లలో అయిపోతుంది. సన్నని గొట్టంతో కంప్రెసర్ రెక్కల మీదికి ఏటవాలుగా కొట్టి చిన్న కారు టర్బోని లేపవచ్చు, లారీ టర్బోకి ఆ సమయం చాలదు. గొట్టం చేత్తో పట్టుకుని మూతి దగ్గర పెట్టడం చాలా ప్రమాదం. జారి రెక్కలకి తగిలితే అల్యూమినియం చక్రం ముక్కలైపోతుంది.

కొలిమి బ్లోయరు, ధాన్యం తూర్పారబట్టే ఫ్యాను కూడా కొందరు ప్రయత్నిస్తున్నారు. అవి గాలి బాగా ఇస్తాయి, ఒత్తిడి ఇవ్వవు. పై పరీక్ష పెడితే నీటి మట్టం పెద్దగా కదలదు.

ప్రశ్న: నా ఇంజన్ వెలుగుతుంది, మోత వస్తుంది, కానీ 0.1 బార్ దగ్గరే నిలిచిపోతుంది. గ్యాసు పెంచితే వెనక గొట్టం ఎర్రబడి మంట బయటికొస్తుంది. టర్బో షాఫ్టు చేత్తో బాగానే తిరుగుతోంది.
– మెకానిక్, రావులపాలెం

జవాబు: ముందు గ్యాసు పెంచడం ఆపండి. వెనక గొట్టంలో వాయువు 650 డిగ్రీలు దాటకూడదు. అంత వేడిని కొలిచే కె రకం థర్మోకపుల్ పెట్టకుండా ఈ పని చేయొద్దు.

వెలగక ముందు, వెలిగాక ఇంజన్ ఒకేలా గాలి తీసుకోదు. చల్లని గాలి సన్నగా దూరిపోతుంది. వెలిగించగానే అదే గాలి మూడింతలు ఉబ్బి గొంతు దగ్గర ఇరుక్కుంటుంది. బరువులో చూస్తే ప్రవాహం దాదాపు 40 శాతం పడిపోవచ్చు. బలమైన బ్లోయరయితే ఆ ఎదురుని తట్టుకుని ఒత్తిడి పెంచుతుంది. బలహీనమైనది చేతులెత్తేస్తుంది. గాలి తగ్గి, గ్యాసు అంతే ఉండేసరికి వేడి పెరుగుతుంది. వేడి పెరిగితే గొంతు ఇంకా ఇరుకవుతుంది. మీ దగ్గర ఇదే జరుగుతోందో లేదో తెలుసుకోవడం తేలిక. బ్లోయరుకీ కంప్రెసర్‌కీ మధ్య నీటి ట్యూబు పెట్టి, వెలిగించిన క్షణంలో ఎంత చూపిస్తోందో చూడండి. 30 సెంటీమీటర్ల లోపే ఉంటే బ్లోయరు మార్చాల్సిందే.

అక్కడ 40 పైన ఉండి కూడా నిలిచిపోతోందంటే నూనె వైపు చూడండి. 15డబ్ల్యూ40 ఇంజనాయిలుని 3 బార్‌తో మొదటి నుంచీ తోస్తే, చల్లగా ఉన్నప్పుడు బేరింగ్ బుష్షుల్లో బంకలా పట్టుకుంటుంది. చేత్తో తిప్పితే తెలియదు, ఎందుకంటే అప్పుడు నూనె ఒత్తిడి లేదు. స్టార్టింగ్‌లో 1 బార్ ఉంచి, ఇంజన్ తనంతట తాను తిరగడం మొదలయ్యాక 3 బార్‌కి పెంచండి. నూనె దిగే గొట్టం లావుగా, ఎక్కడా పైకి వంపు లేకుండా నేరుగా కిందికి ఉండాలి. దిగడానికి దారి లేకపోతే నూనె సీళ్లు దాటి టర్బైన్‌లోకి వచ్చి తెల్లటి పొగ కొడుతుంది.

మూడోది ఫ్లేమ్ ట్యూబు రంధ్రాలు. మంట టర్బైన్ దాటి బయటికొస్తోందంటే అది ట్యూబులోపలే ముగియడం లేదు. అనుభవం మీద నిలిచిన కొలత ఇది: ట్యూబు వ్యాసం కంప్రెసర్ మూతికి రెట్టింపు, పొడవు ఆరు రెట్లు, రంధ్రాల మొత్తం వైశాల్యం ఆ మూతి వైశాల్యమంత. 54 మి.మీ. మూతికి అది 22.9 చదరపు సెంటీమీటర్లు. అందులో 30 శాతం మంట పుట్టే చోట, 20 శాతం మధ్యలో, 50 శాతం టర్బైన్ వైపు చివర. మొదటి భాగానికి 6 మి.మీ. రంధ్రాలు 24 వస్తాయి. అక్కడ పెద్ద రంధ్రాలు కొట్టేస్తే బ్లోయరు గాలికే మంట ఆరిపోతుంది. మరీ తక్కువైతే గ్యాసు కాలకుండా వెనక్కి పారి టర్బైన్ దగ్గర అంటుకుంటుంది. మీది రెండో రకంలా ఉంది.

ప్రశ్న: వంటింటి సిలిండరు, రెగ్యులేటరు పెట్టి ప్రయత్నిస్తే బ్లోయరు ఆపినప్పుడే మంట వస్తోంది, బ్లోయరు వేస్తే ఆరిపోతోంది. ఎందుకు?
– డిగ్రీ విద్యార్థి, పాలకొల్లు

జవాబు: వంటింటి రెగ్యులేటరు ఇచ్చే ఒత్తిడి దాదాపు 30 మిల్లీబార్‌లు. బ్లోయరు వేశాక మీ ఫ్లేమ్ ట్యూబులో అంతకన్నా ఎక్కువ ఒత్తిడి ఉంటుంది. గ్యాసు లోపలికి రాలేదు సరికదా, గాలే గొట్టంలోకి ఎదురెక్కవచ్చు. వెంటనే ఆపేయండి. ఇంటి సిలిండరుని ఇలాంటి పనులకి వాడటం చట్టరీత్యా కూడా తప్పు. 19 కిలోల కమర్షియల్ సిలిండరు, ఒత్తిడి మార్చుకునే హై ప్రెషర్ రెగ్యులేటరు, మంట వెనక్కి రాకుండా ఆపే అరెస్టరు, మందపాటి ఎల్పీజీ గొట్టం కావాలి. సెకనుకు 0.08 కిలోల గాలిని 900 కెల్విన్‌కి తేవడానికి కావలసింది గంటకు 4 కిలోల గ్యాసు. మంట పూర్తిగా కాలదు కాబట్టి 5 అనుకోండి. ఆ వేగంతో లాగితే కాసేపటికే సిలిండరు మీద మంచు పట్టి ఒత్తిడి పడిపోతుంది. వేడి నీళ్లు పోయడం, వెచ్చబెట్టడం ఎప్పుడూ చేయొద్దు. ఆపి వదిలేయండి, దానంతట అదే తేరుకుంటుంది.

ప్రశ్న: మా కోనసీమ ఉక్కపోతకి ఇంజన్ లేవడంలో తేడా ఉంటుందా?
– అమలాపురం పాఠకుడు

జవాబు: ఉంటుంది, కొద్దిగా. పట్టికల్లో వాడే 15 డిగ్రీల పొడి గాలి ఘనపు మీటరు 1.225 కిలోలు. 33 డిగ్రీల తేమ గాలి 1.14 కిలోలు. 7 శాతం తక్కువ. బ్లోయరు ఇచ్చే ఒత్తిడి కూడా అంతే తగ్గుతుంది. పరీక్షలో 41 సెంటీమీటర్లతో బొటాబొటీగా నెగ్గిన బ్లోయరు సంక్రాంతి ఉదయం ఇంజన్‌ని లేపి, మే నెల మధ్యాహ్నం మొరాయించవచ్చు. అందుకే 50 పెట్టుకోమనేది. మీ వైపు తేమకన్నా ముఖ్యంగా చూసుకోవాల్సింది కొబ్బరి పీచు. గాలిలో తేలే పోగు ఒకటి కంప్రెసర్‌లోకి వెళితే చక్రం బ్యాలెన్సు పోవచ్చు. బ్లోయరు మూతికీ, కంప్రెసర్ మూతికీ సన్నని స్టీలు జల్లెడ తప్పనిసరి.

ప్రశ్న: బ్లోయరు ఎప్పుడు తీసేయాలి? ముందు తీస్తే ఆగిపోతోంది, ఆలస్యమైతే వేడెక్కుతోంది. మొదటి నుంచి వరస కూడా చెప్పగలరు.
– తణుకు పాఠకుడు

జవాబు: సిమెంటు కళ్లం లాంటి శుభ్రమైన నేల చూసుకోండి. వెనక వైపు పది మీటర్ల దాకా గడ్డివాము, తాటాకు పాక, ఎండుమట్టలు ఉండకూడదు. చక్రం పగిలితే ముక్కలు పక్కలకే ఎగురుతాయి కాబట్టి రెండు పక్కలా ఇసుక బస్తాలు పేర్చి, మీరు ముందు వైపు ఓరగా నిలబడండి.

నూనె పంపు వేసి, నూనె దిగే గొట్టంలో ధార కనబడ్డాకే బ్లోయరు వేయండి. గ్యాసు లేకుండా 30 సెకన్లు గాలి కొట్టండి. ఎల్పీజీ గాలికన్నా బరువు, క్రితంసారి మిగిలింది అడుగున పేరుకుని ఉంటుంది. ఈ ఒక్క పని మానేసినందుకే పెద్ద పేలుళ్లు జరుగుతాయి. బ్రిటిష్ ఇంజనీరు ఫ్రాంక్ విటిల్ 1937 ఏప్రిల్ 12న తన మొదటి జెట్ ఇంజన్ నడిపినప్పుడు లోపల చేరిన ఇంధనం వల్ల, కుళాయి కట్టేసినా ఇంజన్ అదుపు తప్పి పరుగెత్తింది. తర్వాత స్పార్కు వేయండి. స్పార్కు నడుస్తుండగా గ్యాసు సన్నగా విప్పండి. అయిదు సెకన్లలో అంటుకోకపోతే గ్యాసు కట్టేసి మళ్లీ 30 సెకన్ల గాలి.

అంటుకున్నాక బ్లోయరుకీ కంప్రెసర్‌కీ మధ్య పెట్టిన నీటి ట్యూబు మీద చూపు పెట్టండి. మొదట 40, 50 సెంటీమీటర్లుంటుంది. వెనక వేడి 600 దాటకుండా గ్యాసు కొంచెం కొంచెం పెంచుతుంటే చక్రం వేగం హెచ్చి, గాలిని సొంతంగా లాక్కోవడం మొదలుపెడుతుంది. నీటి తేడా 30కి, 15కి, సున్నాకి దిగుతుంది. సున్నా దగ్గర బ్లోయరు సాయం చేయడం లేదు, అయినా ఇంజన్ వేగం పెరుగుతూనే ఉంది. అదే మీ గుర్తు. అక్కడి నుంచి బ్లోయరే అడ్డుగోడ, గాలి అందక వేడెక్కేది అందుకే. అప్పుడు ఫ్లేమ్ ట్యూబు ఉండే ఛాంబర్ గేజీ దాదాపు 0.2, 0.3 బార్ మధ్య ఉంటుంది. సున్నా దాటాక ట్యూబులో నీళ్లు ఇంజన్ వైపు పీల్చబడతాయి. ట్యూబు రెండు కాళ్లూ మీటరున్నర ఎత్తుండాలి, మధ్యలో ఖాళీ సీసా ఒకటి కట్టుకుంటే ఇంకా మంచిది.

తీసేటప్పుడు చెయ్యి మూతి దగ్గరికి పోనివ్వకండి. బ్లోయరుని కంప్రెసర్‌కి కలిపే రబ్బరు బెల్లోకి తాడు కట్టి దూరం నుంచి లాగండి. లేదా పైపు పక్కన లోపలికి తెరుచుకునే తేలికపాటి రేకు తలుపు పెట్టండి. బ్లోయరు తోస్తున్నంతసేపు లోపలి ఒత్తిడికి అది మూసుకుని ఉంటుంది, ఇంజన్ లాగడం మొదలవగానే దానంతట అదే తెరుచుకుంటుంది. రెండు మూడుసార్లు నడిపాక అందరూ ఈ తలుపు దగ్గరికే వస్తున్నారు, మొదటే పెట్టుకోవడం నయం.

ఆపేటప్పుడు గ్యాసు కట్టేసి, మళ్లీ బ్లోయరు వేసి, వెనక గొట్టం 150 డిగ్రీల లోపుకి వచ్చేదాకా గాలీ నూనే రెండూ నడవనివ్వండి. నూనె ముందే ఆపేస్తే టర్బైన్ వేడి షాఫ్టు వెంట పాకి బుష్షులో నూనె మాడి బొగ్గవుతుంది. మర్నాడు చక్రం చేత్తో తిప్పితే గరగరమంటుంది.